నూగు వాలు

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా కొట్టుకి ఎవరూ రారు. ఆ వేళకి మామయ్య గల్లాపెట్టె వెనక కుర్చీలో గడ్డం ఛాతీకి ఆనించి కునుకు తీస్తాడు. ముందు హాల్లోని సోఫాలు, పరుపులు, ఇనప కడ్డీలకి వేలాడే కర్టెన్ నమూనాలు కూడా ఆయనతో పాటే నిద్రపోతున్నట్టుంటాయి. కుట్టు గదిలో పనిచేసే కటింగ్ మాస్టారు, మిషన్ మీద కుట్టే మిషనక్క భోజనాలకి ఇళ్ళకి వెళ్ళి ఉంటారు. ఆ రెండు గంటలూ వెనక గోడౌను మామయ్య కొడుకు, కొత్త కోడలి రాజ్యం.

"ఇలా రా మేడం, ఒక తమాషా చూపిస్తా," అన్నాడు భర్త.

హోటలు ఆర్డరు కోసం ఆ పొద్దున్నే మిల్లు నుంచి రెండు వెల్వెట్ థానులు దిగాయి. ముదురు ద్రాక్షరంగు. అతను ఒక థాను కొసని బల్ల మీదికి బారెడు లాగి, చూపుడు వేలితో ఏదో గీశాడు. వేలు వెళ్ళిన దారంతా ముదురు గీత పడింది. అక్షరాలు. 'పెళ్ళాం.'

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. అతను అరచేత్తో ఒక్కసారి నిమిరాడు. పెళ్ళాం మాయమైంది.

"ఇదేం పలక! బలపం కూడా అక్కర్లేదే!"

"వెల్వెట్ నూగంతా ఒకవైపుకే వాలి ఉంటుంది. వాలుకి ఎదురు గీస్తే రంగు ముదురుతుంది, వాలుకి నిమిరితే చెరిగిపోతుంది. చిన్నప్పుడు నా ఎక్కాలన్నీ దీని మీదే. నాన్న చేత వీపు మీద తిన్న దెబ్బలు కూడా దీని గురించే."

పెళ్ళై ఇరవై ఆరు రోజులు. ఈ కొట్లో ఆమెకి నచ్చనిదంటూ ఇంకా కనపడలేదు. ఫోము గుట్ట మీద కూర్చుంటే మెల్లగా కిందికి దిగిపోవడం, కర్టెన్ రింగుల డబ్బా కదిపితే వచ్చే గలగల, కొత్త బట్ట మడతల్లోని గంజి వాసన, మాస్టారి కత్తెర పరుపు గుడ్డలో వెళ్ళేటప్పుడు చేసే కరకర. ఇప్పుడు ఈ పలక.

ఆమె రాసింది: 'నువ్వు గురక పెడతావు.'

అతను రాశాడు: 'నేను కాదు, మంచం.'

'మంచం మీ కొట్టుదేగా.'

'అందుకే గ్యారంటీ ఇవ్వలేదు.'

ఒక్కో వాక్యానికీ ఇంకొంచెం బట్ట కావాల్సి వచ్చింది. లాగారు. కటింగ్ బల్ల నిండింది. ఫోము గుట్ట మీదుగా, పరుపుల మీదుగా గోడౌను తలుపు దాకా ద్రాక్షరంగు దారి పరుచుకుంది. చివరికి థాను మొత్తం విడిపోయి, లోపలి అట్టగొట్టం దొర్లుకుంటూ వెళ్ళి డబ్బాలకి తగిలింది. ఇంకా ఉత్తరం పూర్తి కాలేదు. అప్పుడు మామయ్య దగ్గు వినిపించింది.

"చుట్టు, చుట్టు!"

ఆమె గొట్టం అందుకుని బల్ల మీద ఉన్న కొసకే ఆనించింది. అతను రెండో వైపు బట్టని బిగించి పట్టుకుని నడుచుకుంటూ దగ్గరికి వచ్చాడు. చుట్టడం కూడా ఆటే అయింది. చివర్లో ఇద్దరి ముక్కులూ తగిలాయి. బయట ఉండాల్సిన కొస లోపలికి, లోపల ఉండాల్సిన కొస బయటికి వచ్చాయి. ఆ సంగతి ఇద్దరిలో ఎవరికీ పట్టలేదు.

*

మాస్టారు మర్నాడే కటింగ్ మొదలుపెట్టాడు. పధ్నాలుగు అంగుళాల కత్తెర ఆయనది. కొట్టుకి వేరే కత్తెరలున్నా ఆయన వాటిని ముట్టుకోడు, తన దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వడు. పిడిలో బొటనవేలు దూరే చోట గుడ్డపేలిక చుట్టి ఉంటుంది.

మొదటి థాను నుంచి ఏడు కర్టెన్లు కోసి పక్కన పెట్టి, రెండో థాను ఎత్తాడు. ఉత్తరం ఉన్న థాను అదే.

"ఎటు నుంచి కొయ్యాలో ఎలా తెలుస్తుంది మాస్టారూ?"

"థాను పడుకున్న మనిషనుకో అమ్మాయ్. బయటి కొస తల, లోపలి కొస కాళ్ళు. ఈ మిల్లు సరుకంతా అంతే వస్తుంది. కర్టెన్ పైభాగం తల వైపు రావాలి. అప్పుడు నూగు పైకి లేచి రంగు నిండుగా కనపడుతుంది. తలకిందులైందంటే వెలిసిపోయినట్టుంటుంది."

"చేత్తో నిమిరి చూసుకోనక్కర్లేదా?"

ఆయన చెయ్యి గాల్లో ఒక్క క్షణం ఆగింది. "ముప్ఫై ఏళ్ళుగా ఇదే మిల్లు. ఇంకా చూసేదేముంది," అని బట్టని బోర్లా తిప్పి, వెనకవైపు సుద్దతో బాణం గీశాడు.

తలుపు దగ్గర భర్త నిలబడి, గాల్లో వేలితో ఏదో రాస్తున్నట్టు నటించాడు. ఆమె నవ్వు ఆపుకోవడానికి రింగుల డబ్బా సర్దడం మొదలుపెట్టింది. తల, కాళ్ళు అన్న మాట చెవిలో పడింది గానీ లోపలికి వెళ్ళలేదు.

మిషనక్క టీ తెచ్చింది. "ఆగండి మాస్టారూ, ఇప్పుడే దించింది, చెయ్యి కాలుతుంది," అనేలోగా ఆయన స్టీలు గ్లాసు చుట్టూ అయిదు వేళ్ళూ బిగించి పట్టుకున్నాడు. గుక్క తాగాడు. మొహంలో ఏ మార్పూ లేదు.

"చూశావా అమ్మాయ్? మన మాస్టారివి చేతులు కావు, పటకార్లు," అంది మిషనక్క.

అందరూ నవ్వారు. అందరి తర్వాత మాస్టారు కూడా నవ్వి, గ్లాసు గబుక్కున కింద పెట్టాడు.

*

సోమవారం హోటలు భోజనాల హాల్లో కర్టెన్లు వేలాడదీశారు. అటు ఏడు కిటికీలు, ఇటు ఏడు. భర్త నిచ్చెన మీద, ఆమె కింద రింగులు అందిస్తూ. ఇది వాళ్ళిద్దరూ కలిసి చేసిన మొదటి పెద్ద పని. ఆఖరి కర్టెన్ కూడా కడ్డీకెక్కాక, హాలు మధ్యకి వెళ్ళి చూద్దామని ఆమె వెనక్కి వెనక్కి నడిచింది.

ఎడమవైపు గోడంతా పండిన ద్రాక్ష. కుడివైపు గోడ బూడిద చల్లినట్టు ఉంది.

హోటలు మేనేజరు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "ఆ వైపువి ఎన్నాళ్ళ కిందట కొన్నారు?"

"రెండూ ఒకే లాటు సార్," అన్నాడు భర్త.

"ఒకే లాటయితే ఇవి అప్పుడే ఎవరింట్లో వేలాడి వచ్చాయి? వచ్చే వారం ఓపెనింగు బాబూ. సగం హోటలు కొత్తది, సగం పాతదని బోర్డు పెట్టుకోమంటారా?"

భర్త నిచ్చెన ఎక్కి కుడివైపు కర్టెన్‌ని నిమిరాడు. పై నుంచి కిందికి. మళ్ళీ కింద నుంచి పైకి. అతని చెయ్యి ఆగిపోయింది. నిచ్చెన మీద నుంచే తల తిప్పి ఆమె వైపు చూశాడు. ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది. గొట్టం. బల్ల మీది కొస. దగ్గరగా వచ్చిన ముక్కులు.

సాయంత్రానికి ఏడు కర్టెన్లూ కుట్టు గదిలో బల్ల మీదికి తిరిగొచ్చాయి. మామయ్య ఒక్కొక్కటీ విప్పి, మడత మడతా చూశాడు. ఎవరితోనూ ఏమీ అనలేదు. ఆ నిశ్శబ్దం చూసి పెద్ద గండం గడిచిందనే ఆమె అనుకుంది.

*

మంగళవారం పొద్దున మాస్టారు చొక్కా చేతులు మడుస్తూ గదిలోకి వచ్చేసరికి, బల్ల మీద జానెడు వెల్వెట్ ముక్క ఒకటి పెట్టి మామయ్య నిలబడి ఉన్నాడు.

"మాస్టారూ, ఒకసారి కళ్ళు మూసుకోండి."

"ఏంటి బాబుగారూ?"

"మూసుకోండి. నూగు ఎటు వాలిందో చెప్పండి."

మిషన్ చప్పుడు ఆగిపోయింది. మాస్టారు కళ్ళు మూసుకుని వేళ్ళు ముక్క మీద ఆనించాడు. నిమిరాడు. అటు నిమిరాడు, ఇటు నిమిరాడు.

"ఇటు. వీధి వైపు."

మామయ్య ముక్కని తిప్పాడు. "ఇప్పుడు?"

"గోడౌను... గోడౌను వైపు."

"ఇప్పుడు?"

మూడింటిలో ఒక్కటే సరిగ్గా చెప్పాడు. ఆ ఒక్కటీ గుడ్డిగా చెప్పినదేనని అందరికీ తెలుస్తూనే ఉంది.

"పాలు తాగే పిల్లకిచ్చినా చెబుతుంది మాస్టారూ," అన్నాడు మామయ్య. గొంతు పెంచలేదు. 'మీరు' అనడం మానలేదు. "నా కొట్టు పేరు మీ వేళ్ళ చివర పెట్టాను ముప్ఫై ఏళ్ళు."

మాస్టారు కళ్ళు తెరిచి తన వేళ్ళకేసి చూసుకున్నాడు, వాటిని అప్పుడే ఎవరో తెచ్చి అతికించినట్టు. "షుగరు బాబుగారూ. రెండేళ్ళ నుంచి వేళ్ళకి ఏదీ తెలియట్లేదు. చెబితే... చెప్పడానికి నోరు రాలేదు. తప్పు నాదే. బయటి కొస నుంచే కోశానని అనుకున్నా. ఎక్కడో పొరపడ్డాను."

"ఇంటికెళ్ళి రెస్టు తీసుకోండి."

ఆమె నోరు తెరిచింది. పక్కనున్న భర్త ఆమె మోచేయి పట్టుకున్నాడు, గట్టిగా కాదు. ఆ పట్టు చాలింది. మాస్టారు మడిచిన చొక్కా చేతుల్ని మళ్ళీ కిందికి దించి, గుండీలు పెట్టుకోబోయాడు. కుడిచేతి గుండీ దొరకలేదు. అలాగే వెళ్ళిపోయాడు. కత్తెర బల్ల మీదే ఉండిపోయింది.

సాయంత్రం పై గదిలో ఆమె బట్టలు మడత పెడుతూ, మడిచినవే మళ్ళీ విప్పి మడుస్తోంది.

"చెప్పేద్దాం."

"ఏమని? మీ అబ్బాయీ నేనూ గోడౌన్లో ఉత్తరాలు రాసుకున్నామండీ అనా?"

ఆమెకి నవ్వొచ్చింది. అలాంటప్పుడు నవ్వొచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఆయన వేళ్ళు ఎలాగూ పోయాయి," అన్నాడు భర్త. "ఇవాళ కాకపోతే ఇంకోరోజు బయటపడేది."

"మనం తిరగ చుట్టకపోతే ఇవాళ బయటపడేది కాదుగా."

"వాలు చూసుకోవడం కటింగ్ మాస్టరు పని."

"ఆయన చూసుకున్నాడు. తల ఎటుందో చూసుకునే కోశాడు. తలని కాళ్ళు చేసింది మనం."

"మెల్లగా. నాన్న వింటాడు." అతను దగ్గరికి వచ్చి ఆమె ముంజేతి మీద వేలితో ఏదో రాశాడు. ఏం రాశాడో ఆమె చదవలేదు.

*

బుధవారం మధ్యాహ్నం మామయ్య కునుకు మొదలవక ముందే ఆమె గల్లాపెట్టె ముందుకి వెళ్ళి నిలబడింది. పోయిన గురువారం థానులు దిగడం, పలక, గొట్టం, దగ్గు అన్నీ ఏకబిగిన చెప్పేసింది. గురక సంగతి మాత్రం వదిలేసింది.

మామయ్య అంతా విని, గల్లాపెట్టె కింద సొరుగు లాగి జానెడు వెల్వెట్ పీలిక ఒకటి తీసి ఆమె ముందు పరిచాడు. అంచున తెల్లటి మిల్లు ముద్ర.

"ఈ ముద్ర ఎక్కడుంటుందో తెలుసా?"

"తెలియదు మామయ్యా."

"థాను లోపలి కొసన. ఆఖర్న. అది మొదటి కర్టెన్ తలమడతలో దొరికింది. అంటే థానుని ఎవరో మొత్తం విప్పి తిరగ చుట్టారు. ఈ కొట్లో థాను మొత్తం విప్పి చుట్టే తీరుబడి ఎవరికుంది?"

"ఎప్పుడు చూశారు?"

"సోమవారం సాయంత్రం."

"మరి మంగళవారం ఆయన్ని అలా..."

"అతని వేళ్ళ మీద నాకు ఏడాదిగా అనుమానం. గుండుసూది గుచ్చుకుని నెత్తురు బట్టకంటినా చూసుకోడు. అడగాలంటే నాకూ నోరు రాలేదు. అడిగే దారి దొరికింది, అడిగాను." ముద్ర ఉన్న పీలికని వేలికి చుట్టుకుంటూ అన్నాడు, "లేకపోతే ఏం చెయ్యమంటావు? నెల కిందట వచ్చిన కోడలి ఆట వల్ల సరుకు పాడైందని హోటలాయన ముందు చెప్పుకోమంటావా? ఏడు కర్టెన్లు తల విప్పి తిరగ కుడితే పోయే పని. పనిదేముంది."

"ఆయన తన తప్పే అనుకుంటున్నారు."

"నాలుగు రోజులు అనుకోనీ."

"నేను వెళ్ళి చెబుతాను."

మామయ్య కుర్చీలో వెనక్కి వాలాడు. "నీ ఇష్టం," అని కళ్ళు మూసుకున్నాడు. ఆ రోజు ఆయన నిద్రపోలేదని, పొట్ట మీద కదులుతూనే ఉన్న వేళ్ళని చూస్తే తెలిసింది.

*

మాస్టారు ఉండేది సందు చివర మేడ మీద రెండు గదుల్లో. గురువారం పదకొండింటికి ఆమె మెట్లెక్కుతుంటే పైనుంచి మాటలు వినిపించాయి.

"ఇప్పుడు?"

"గుమ్మం వైపు."

"ఇప్పుడు?"

"నీ వైపు. మోసం చెయ్యకు, తిప్పలేదు నువ్వు."

తలుపు తీసే ఉంది. కిటికీ కింద చాప మీద మాస్టారు కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. ఆయన భార్య ఎదురుగా కూర్చుని, అరచెయ్యంత వెల్వెట్ ముక్కని ఆయన చెంపకి ఆనించి, తీసి, తిప్పి, మళ్ళీ ఆనిస్తోంది.

"రా తల్లీ, రా," అందామె. "పొద్దుట్నుంచీ ఇదే ఆట. ముప్ఫై సార్లు అడిగితే ముప్ఫై సార్లూ చెప్పాడు. దీనికోసం రెండుసార్లు గడ్డం గీసుకున్నాడు, చూడు, ఎలా మండిపోయిందో."

"చెంపకి తెలుస్తోందమ్మాయ్!" మాస్టారి మొహం నిజంగానే ఎర్రగా ఉంది. "వేళ్ళు పోతేనేం? ఇన్నేళ్ళూ ఈ ఆలోచన రాలేదు చూడు నాకు. రేపొచ్చి బాబుగారికి చూపిస్తా. ఆయన కేకలేశాడని నాకేం లేదు. అసలు కేకలెయ్యలేదు కూడా. తప్పు నాది, ఆయన అడగడం న్యాయం. చూపిస్తే కాదనడు."

భార్య ఆమె ముందు స్టూలు వేసి, ఫ్యాను ఇటు తిప్పింది. ఆమె కూర్చోలేదు. మెట్లెక్కేటప్పుడు వరస పెట్టుకున్న మాటలన్నీ చెదిరిపోయాయి. ఏమీ చెప్పకుండా, ఎలా ఉన్నారో చూసిపోదామని వచ్చానని అనవచ్చు. రేపు ఆయన వస్తాడు. చెంప ఆనించి చూపిస్తాడు. మామయ్య తల ఊపుతాడు. బతికినంతకాలం ఆయన ఆ ఏడు కర్టెన్లూ తానే పాడుచేశాననుకుంటాడు.

"మాస్టారూ, మీరు తప్పు కొయ్యలేదు," అంది.

చెప్పింది. ఈసారి మెల్లగా, గురకతో సహా.

ఆయన నోరు తెరుచుకుని విన్నాడు. "అయితే నేను కోసింది బయటి కొస నుంచే."

"బయటి కొస నుంచే."

"చూశావుటే!" అని భార్య మోకాలి మీద చరిచాడు. ఆవిడ కూడా నవ్వింది. "నాకు తెలుసు! రెండు రోజులుగా నిద్రలేదమ్మాయ్. కళ్ళు మూస్తే ఆ కొసే. బయటిదే పట్టుకున్నాను కదా, ఎలా పొరపడ్డానా అని. ఉత్తరాలా! ఎంత పని చేశారు మీరిద్దరూ! చెవులు పిండాలి మిమ్మల్ని." నవ్వుతూనే, కళ్ళు తుడుచుకుంటూనే అడిగాడు. "బాబుగారికి చెప్పావా మరి?"

"చెప్పాను."

"ఏమన్నాడు?"

ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. ఆ కాస్త ఆలస్యమే చాలింది. ఆయన నవ్వు సన్నబడింది.

"ఆయనకి ముందే తెలుసా?"

"మిల్లు ముద్ర చూశారట. తలమడతలో."

"ఎప్పుడు?"

"సోమవారం సాయంత్రం."

మాస్టారు ముక్కని ఒళ్ళో పెట్టుకుని, అలవాటుగా వేళ్ళతోనే నిమిరాడు. కింద సందులో ఎవరో సైకిలుకి గాలి కొడుతున్నారు.

"నన్ను నిలబెట్టింది మంగళవారం."

"అవును."

"తెలిసే నిమిరించాడన్నమాట. మిషనక్క ముందు."

"పోనిద్దురూ," అంది భార్య. "రేపు వెళ్ళి ఆ చెంప సంగతి..."

"రేపు లేదు."

ఆయన ముక్కని నాలుగు మడతలు పెట్టి, కిటికీ అంచున ఉంచాడు. తర్వాత ఆమె వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. అక్కడ ఇంకేమీ కూడా లేదు.

"నా కత్తెర అక్కడ ఉండిపోయింది. మిషనక్క ఇల్లు ఈ పక్కనే. ఆవిడకిచ్చి పంపించండి."

పంపించండి. ఈ నెల రోజుల్లో ఆయన ఆమెని ఎప్పుడూ 'మీరు' అనలేదు.

*

శుక్రవారం కుట్టు గదిలో మాస్టారి ముక్కాలి పీట మీద కొత్త కుషను కనిపించింది. రెండంగుళాల ఫోము, మందపాటి గుడ్డ, చుట్టూ అంచుకుట్టు. ఎవరు చేయించారని అడిగితే మిషనక్క గడ్డంతో ముందు హాలు వైపు చూపించింది.

మామయ్య పదింటి దాకా రెండుసార్లు గుమ్మం వైపు చూశాడు. మూడోసారి లేచి గదిలోకే వచ్చాడు.

"ఈపాటికి రావాలే. నాలుగు రోజులు కూడా ఉండలేడు ఇంట్లో, నాకు తెలుసు. కూర్చుని దిండు గలీబులు కోసుకుంటాడు. వెల్వెట్టూ గిల్వెట్టూ అబ్బాయి చూసుకుంటాడు." ఆమె మొహం చూసి ఆగాడు. "ఏమన్నావు అతనితో?"

"జరిగింది చెప్పాను."

"సోమవారం సంగతి కూడానా?"

"అడిగారు."

మామయ్య పీట మీది కుషనుని సర్దాడు. అది సరిగ్గానే ఉంది. మళ్ళీ సర్దాడు.

"కత్తెర పంపించమన్నారు," అందామె.

ఆయన కత్తెర చేతిలోకి తీసుకుని, తెరిచి మూశాడు. మిషన్ నూనె డబ్బా వంచి, కీలు దగ్గర రెండు చుక్కలు వేశాడు. గుడ్డతో రెండు రెక్కలూ మొదలు నుంచి మొన దాకా తుడిచాడు. పిడికి చుట్టిన పాత పేలిక ఒకచోట ఊడి వేలాడుతోంటే, దాన్ని తీసి పారెయ్యకుండా బిగించి ముడేశాడు. ఆ పని అంతసేపు పడుతుందని ఆమె అనుకోలేదు. చివరికి వెల్వెట్ గుడ్డలో చుట్టి మిషనక్క చేతికిచ్చాడు.

"జాగ్రత్తగా పట్టుకెళ్ళు. మొన కిందికి పెట్టు."

"ఏమైనా చెప్పమంటారా?" అంది మిషనక్క.

ఆయన నూనె డబ్బా తీసి పక్కన పెట్టాడు. ముందు హాల్లోకి వెళ్ళి, ఎవరూ రాకపోయినా గల్లాపెట్టె వెనక కూర్చున్నాడు.

ఏడు కర్టెన్లూ తల విప్పి సిద్ధంగా ఉన్నాయి. మిషనక్క తిరిగొచ్చేలోగా పైభాగం ఎటు రావాలో గుర్తులు పెట్టాలి. భర్త మొదటిదాన్ని బల్ల మీద పరిచి, సుద్ద ఆమెకందించాడు. ఆమె అరచెయ్యి చాచింది. వెనక్కి తీసుకుంది. బల్ల మీదికి వంగి, కళ్ళు మూసుకుని, చెంప వెల్వెట్‌కి ఆనించి మెల్లగా జరిపింది. ఒక వైపుకి నున్నగా జారింది. రెండో వైపుకి గరుగ్గా పట్టుకుంది.

"ఏంటి మేడం, నిద్రొస్తోందా?" అని నవ్వాడు భర్త.

ఆమె నవ్వలేదు. బల్ల రెండో వైపుకి నడిచి వెళ్ళి, రెండో చెంప ఆనించి ఇంకోసారి చూసింది. అప్పుడు బట్టని బోర్లా తిప్పి బాణం గీసింది.